పాత కారు కొన్నాను, బ్రేకు తొక్కితే మూడు రకాల శబ్దాలు. ఎక్కడి నుంచో తేల్చేదెలా?

మున్నేటిగట్టు (ఖమ్మం)

అందరికీ నమస్తే. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను. 2016 మోడల్, మీటర్ మీద 61 వేల కి.మీ. చిల్లర. ముందు చక్రాలకి డిస్కులు (తిరిగే పళ్లెం బ్రేకులు), వెనక డ్రమ్ములు (తిరిగే గిన్నె బ్రేకులు), ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొడితే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉంది. ఏపీ 16 బండి, ఒకే ఓనరు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే చర్చంతా "ఆ బండి ఎందుకు కొన్నావ్" మీదకి పోతుంది.

ఇంజన్, గేర్లు, ఏసీ అన్నీ బాగున్నాయి. గోలంతా బ్రేకు దగ్గరే. అదీ ఒక రకం కాదు.

పొద్దున బండి తీయగానే మొదటి ఒకట్రెండు బ్రేకులకి ముందు నుంచి గరగరమని రాపిడి వస్తుంది. వీధి చివరికి వెళ్లేసరికి పోతుంది. ఇది ఒకటి.

రివర్స్ తీసి, ముందుకు కదిలి, బ్రేకు తొక్కగానే ముందు ఎడమ వైపు "టక్" అని ఒక్కసారి అంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తొక్కినా రాదు. మళ్లీ రివర్స్ తీస్తే మళ్లీ వస్తుంది.

మూడోదే వింత. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగుతుంటే వెనక నుంచి "టక్... టక్... టక్". బండి నెమ్మదించేకొద్దీ అదీ నెమ్మదిస్తుంది. స్పీడులో బ్రేకు కొడితే వినపడదు. వెనక సీట్లో కూర్చున్న మా నాన్న "డిక్కీలో ఏదో దొర్లుతోందిరా" అన్నారు. స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ దింపేసి చూశాం. అయినా అంతే.

అమ్మినాయన్ని అడిగితే "లైనర్లు కొత్తవి వేయించా, సెట్ అయ్యేదాకా అలాగే ఉంటుంది" అన్నాడు (లైనర్లంటే వెనక డ్రమ్ముని రాసుకునే ముక్కలు). ఇక్కడి మెకానిక్ బండి ఎక్కకుండానే "నాలుగు చక్రాలవీ మొత్తం మార్చేద్దాం సార్" అన్నాడు. డబ్బు పెట్టేముందు మిమ్మల్ని అడుగుదామని వచ్చాను.

ఫుల్‌ట్యాంక్ (హైదరాబాద్)

బ్రో, బ్రేకులతో ఆటలొద్దు. పాత బండి ఎవరెలా వాడారో తెలియదు. ప్యాడ్లు (డిస్కుని పట్టేవి), డిస్కులు, షూలు (లైనర్లతో డ్రమ్ముని లోపలి నుంచి పట్టేవి), డ్రమ్ములు, బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తవి వేసేయ్. ప్రశాంతంగా నిద్ర పడుతుంది.

రేగడిమట్టి (నంద్యాల)

డబ్బులు చెట్లకి కాయవు కదా అన్నా. అయినా మొత్తం మార్చినంత మాత్రాన శబ్దం పోతుందని గ్యారంటీ ఏంటి? మా బావమరిది ముందు ప్యాడ్లు, డిస్కులు మార్చాక తెలిసింది, శబ్దం లోయర్ ఆర్మ్ బుష్‌ది (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కడ్డీ దగ్గరి రబ్బరు) అని. బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక్కి లాగుతుంది, అరిగిన బుష్ "ధడ్" అంటుంది. బ్రేకు తొక్కినప్పుడు వచ్చిన శబ్దమల్లా బ్రేకుదే కానక్కర్లేదు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

మొదటి శబ్దం గురించి టెన్షన్ వద్దు. డిస్కు పోత ఇనుము. రాత్రి మంచుకో, వానకో, బండి కడిగాకో పైన సన్నగా తుప్పు పొర పడుతుంది. పొద్దున ప్యాడ్లు దాన్ని గీకేసే చప్పుడే అది. మాకు సముద్రం పక్కన కాబట్టి ఏడాది పొడవునా ఉంటుంది. ఒకసారి టార్చ్ వేసి చక్రం సందుల్లోంచి డిస్కు చూడండి. పొద్దున బండి తీయకముందు నారింజ రంగులో ఉండి, వీధి తిరిగొచ్చాక మెరుస్తుంటే అంతే సంగతి. తిరిగొచ్చాక కూడా అంచున వెడల్పుగా తుప్పు పట్టీ మిగిలితే మాత్రం ప్యాడ్ అక్కడ పూర్తిగా ఆనట్లేదని అర్థం. అప్పుడు విప్పి చూడాలి.

గరగర రోజంతా ఉంటే, బ్రేకు తొక్కగానే ఇనుముని ఇనుముతో రాసినట్టుంటే, బండి తీయకండి. ప్యాడ్ మెటీరియల్ అయిపోయి వెనకున్న రేకు డిస్కుని తింటోందన్నమాట.

ఒహాయో_తెలుగోడు (కొలంబస్)

ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పు గురించి మాకు చెప్పక్కర్లేదు. ఒక మాట కలుపుతాను. డిస్కు వెనక పల్చటి రేకు కవచం ఉంటుంది. అది కాస్త వంగి డిస్కుకి తగిలినా, దానికీ డిస్కుకీ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కున్నా, బ్రేకు తొక్కకపోయినా చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుంది. నాకు జరిగింది. మెల్లగా రివర్స్ తీస్తే రాయి దానంతటదే పడిపోయింది. మట్టి రోడ్డు మీద వెళ్లొచ్చాక ఉన్నట్టుండి మొదలైతే ముందు ఇదే చూడండి.

ఇంకో మాట, చాలా ప్యాడ్లకి అరుగుదల చెప్పే చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ప్యాడ్ 2–3 మి.మీ.కి వచ్చాక అది డిస్కుకి తగిలి సన్నగా కీచుమంటుంది. తరచుగా అది బండి ఊరికే దొర్లుతున్నప్పుడే వినిపించి, బ్రేకు తొక్కితే ఆగుతుంది లేదా మారుతుంది. అందుకే "బ్రేకు తొక్కితే పోతోంది కాబట్టి బ్రేకులు బానే ఉన్నాయి" అనుకోకండి.

లేత్‌బాబాయ్ (గాజువాక)

బాబూ మున్నేటిగట్టూ, వివరంగా రాశావ్, సంతోషం. సగం మంది "బ్రేకు సౌండ్ వస్తోంది, ఏం చేయాలి" అని ఒక ముక్క రాసి పోతారు.

నీ రెండో శబ్దం నాకు దాదాపు ఖాయం. దిశ మారాక ఒక్కసారే "టక్", మళ్లీ దిశ మారేదాకా రాదు. అంటే ఏదో వదులుగా ఉన్న వస్తువు బ్రేకు తొక్కగానే ముందుకి జరిగి ఆనుకుంటోంది, రివర్స్‌లో వెనక్కి జరుగుతోంది. అది ప్యాడే. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి అదిమే పట్టకారు లాంటిది) బ్రాకెట్లో ప్యాడ్ చెవులు కూర్చునేచోట సన్నటి స్టీలు క్లిప్పులుంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు కొందరు వాటిని పీకి పారేస్తారు, లేదా వంకరపోయినవే తిరిగి పెడతారు. క్లిప్పు లేకపోతే ప్యాడ్ అటూ ఇటూ ఆడుతుంది. ప్రమాదం వెంటనే ఏమీ లేదు కానీ అలా వదిలేయకూడదు. క్లిప్పుల సెట్టు వందల్లో అయిపోయే పని.

మూడోదానికి తొందరపడను. ముందు కొన్ని సంగతులు కనుక్కుని రా.

ఊరి బయట ఖాళీ రోడ్డు చూసుకో. 15–20 స్పీడులో హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కే ఉంచి, మెల్లగా పైకి లాగు. ఒక్కసారిగా లాగకు, చక్రాలు పట్టేస్తాయి. నీ బండిలో హ్యాండ్ బ్రేకు వెనక షూలనే పట్టుకుంటుంది. అదే "టక్ టక్" వస్తే ముందు చక్రాలు ఈ కేసులోంచి బయటపడ్డట్టే.

తర్వాత, అది చుట్టుకి ఒకటి చొప్పున వస్తోందా లేదా చూడు. టైరు పక్కన చాక్‌పీసుతో గీత పెట్టు. ఎవరినైనా పక్కన నడవమను, నువ్వు నడక వేగంలో బ్రేకు పట్టి పట్టి నడుపు.

మూడోది ముఖ్యం. రివర్స్‌లో కూడా బ్రేకు తొక్కి విను. ఏ వైపు నుంచి వస్తోందో జాగ్రత్తగా విను.

హైవే_అక్క (విజయవాడ)

ఏపీ 16, అంటే మా జిల్లా బండి. ఎప్పుడు కొన్నారో చెప్పలేదు కానీ 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మీ ఖమ్మంలో మున్నేరు కూడా అదే రోజుల్లో కదా పొంగింది. అలా మునిగిన బండ్లు తర్వాత కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వస్తాయి. డ్రమ్ము లోపల ఒండ్రు చేరితే షూలు, వాటిని తోసే వీల్ సిలిండర్, బేరింగ్ అన్నీ పాడవుతాయి.

సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి గీత కనపడుతుందేమో. స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల బోల్టుల దగ్గర, కార్పెట్ కింద చూడండి. హెడ్‌లైట్ లోపల కూడా. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి.

మున్నేటిగట్టు (ఖమ్మం)

అక్కా, మీ మాట చదివి రాత్రి పదింటికి టార్చ్ పట్టుకుని కిందకి దిగాను. సీటు బెల్టులు నాలుగూ శుభ్రం. స్టెప్నీ గుంటలో దుమ్ము ఉంది కానీ ఒండ్రు లేదు. సీటు బోల్టులు బాగున్నాయి. బండి నీళ్లలో మునిగినట్టు లేదు. ఓనరు కొడుకు దగ్గరకి అమెరికా వెళ్తే ఏడాదికి పైగా షెడ్డులో నిలబెట్టేశారని ఎన్ఓసీ కాగితాల కోసం మాట్లాడినప్పుడు వాళ్ల బంధువు చెప్పాడు. అది మొదట రాయలేదు, అవసరమనుకోలేదు.

బాబాయ్ గారూ, మీరు చెప్పినవన్నీ చేశాను. మా దగ్గర ఒక వెంచర్ ఉంది, ప్లాట్లు అమ్ముడుపోలేదు కానీ రోడ్లు మాత్రం బ్రహ్మాండంగా వేశారు. అక్కడ చూశాం.

హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగితే అచ్చం అదే శబ్దం. వెనకే.

చాక్‌పీసు గీత పెట్టి నడిపాను, మా ఆవిడ పక్కన నడిచింది. చుట్టుకి ఒకటి రావట్లేదు. ఒక్కోసారి చుట్టున్నరకి, ఒక్కోసారి రెండు చుట్లకి.

అసలు వింత ఇది: ముందుకు పోతూ ఆపితే ఎడమ వెనక చక్రం దగ్గర వస్తోంది. రివర్స్‌లో ఆపితే కుడి వెనక చక్రం దగ్గర! మా ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి మరీ చెప్పింది. ఇదెలా సాధ్యం?

కుడిచెయ్యి (బెంగళూరు)

ఏబీఎస్ అయి ఉండొచ్చు. వీల్ స్పీడ్ సెన్సర్ ఎదురుగా పళ్ల రింగు ఉంటుంది, తుప్పు పట్టి అది పగిలితే ఆ చక్రం లాక్ అయిందని కంప్యూటర్ పొరబడుతుంది. సరిగ్గా ఆగబోయే ముందే ఏబీఎస్ పని చేసేస్తుంది. మాకు తెలిసిన ఒకరి బండిలో అలాగే "గ్రర్ర్" అని వచ్చేది.

లేత్‌బాబాయ్ (గాజువాక)

మంచి ఆలోచన, కానీ ఇది అది కాదు. ఏబీఎస్ పొరపాటున పని చేస్తే పెడల్ కాలి కింద అదురుతుంది, శబ్దం బానెట్ వైపు మోడ్యూల్ నుంచి వస్తుంది. పైగా హ్యాండ్ బ్రేకుతో ఏబీఎస్‌కి సంబంధం లేదు, కేబుల్ పని అది. హ్యాండ్ బ్రేకుతో కూడా వచ్చిందన్నాడు కదా. చుట్టుకి ఒకటి చొప్పున వచ్చి ఉంటే డ్రమ్ము గుండ్రం తప్పిందనో, పగిలిందనో అనుమానించేవాణ్ణి. అదీ కాదు.

ముందుకి ఎడమ, వెనక్కి కుడి అన్నావ్ చూడు, అక్కడే దొరికిపోయింది. మీ ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పు.

బండి ఏడాది నిలబడింది. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేసి ఉంటారు. షూలు డ్రమ్ముకి అతుక్కుని, చుట్టూ తుప్పు గుంటలు పడతాయి. అమ్మే ముందు ఆయన కొత్త లైనర్లు వేయించి, డ్రమ్ములు లేత్ (తిప్పుతూ ఇనుము చెక్కే యంత్రం) మీద పెట్టించి ఉంటాడు. అందులో తప్పు లేదు, చేయాల్సిందే. కానీ తొందరలో ఉన్న టర్నర్ ఏం చేస్తాడంటే ఫీడ్ (చెక్కే టూల్ పక్కకి జరిగే వేగం) స్పీడుగా పెట్టి ఒక్క పాస్‌లో లాగించేస్తాడు. అప్పుడు టూల్ డ్రమ్ము లోపల సీసా మూత మరల్లాంటి సన్నటి గాడి వదిలేస్తుంది. కంటికి మెరుస్తూ బ్రహ్మాండంగా కనపడుతుంది.

బ్రేకు తొక్కినప్పుడు షూ ఆ మర పట్టుకుని పక్కకి, చక్రం బయటివైపు జరుగుతుంది. షూని వెనక ప్లేటుకి (డ్రమ్ము వెనక తిరగకుండా ఉండే రేకు) పట్టి ఉంచే స్ప్రింగ్ ఒకటుంటుంది. కొంత జరిగాక ఆ స్ప్రింగ్ గెలిచి షూని వెనక్కి లాగుతుంది. షూ వెళ్లి ప్లేటుకి కొట్టుకుంటుంది. అదే నీ "టక్". మళ్లీ జరుగుతుంది, మళ్లీ టక్.

ఇక రెండు వైపుల సంగతి. రెండు డ్రమ్ములూ ఒకే లేత్ మీద ఒకే పద్ధతిలో తిప్పారు, కాబట్టి మర రెండింట్లోనూ ఒకే దిశలో తిరిగి ఉంటుంది. కానీ బండి కింద ఎడమ డ్రమ్మూ కుడి డ్రమ్మూ ఎదురెదురుగా కూర్చుంటాయి. లోపలి వైపు నుంచి చూస్తే ఒకటి సవ్య దిశలో, ఇంకోటి అపసవ్య దిశలో తిరుగుతాయి. అందుకని ముందుకి పోతున్నప్పుడు ఒక వైపు షూని బయటికి లాగితే, రెండో వైపు ప్లేటుకి అదుముతుంది. అదిమితే శబ్దం రాదు. రివర్స్‌లో తారుమారు.

విప్పి చూస్తే గానీ నూటికి నూరు అనను. కానీ నేను కొత్త డ్రమ్ములు ఆర్డర్ ఇవ్వమని మాత్రం చెప్పను.

రేగడిమట్టి (నంద్యాల)

బాబాయ్, నీ కాళ్లు ఎక్కడున్నాయో చెప్పు, దండం పెట్టుకుంటా.

ఫుల్‌ట్యాంక్ (హైదరాబాద్)

ఒప్పుకుంటున్నా, థియరీ అదిరింది. కానీ మామూలు మనిషికి ఇంత టైం ఎక్కడిది? కొత్త డ్రమ్ములు వేసేస్తే ఈ మర గొడవే ఉండదు కదా.

లేత్‌బాబాయ్ (గాజువాక)

ఉండదు. నీ డబ్బు, నీ ఇష్టం. కానీ షూ ఆనే చోట వెనక ప్లేటు మీద గాడులు పడి ఉంటే కొత్త డ్రమ్ములో కూడా షూ ఇరుక్కుని శబ్దం చేస్తుంది. అప్పుడు ఇంకేం మారుస్తావ్?

కీచుబండి (తెనాలి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా బండి కూడా కీచుమంటోంది. వీడియోలో ఒకాయన తుప్పు వదిలించే స్ప్రే ప్యాడ్ల మీద కొడితే వెంటనే ఆగిపోయింది. కొట్టొచ్చా?

లేత్‌బాబాయ్ (గాజువాక)

ఆగుతుంది. శబ్దం ఆగుతుంది, బండి ఆగదు! ఆ స్ప్రేలో నూనె ఉంటుంది. ప్యాడ్ నూనె పీల్చుకుంటే ఇక దాన్ని పారేయడమే. ప్యాడ్ రాపిడి ముఖానికీ, డిస్కుకీ, షూకీ, డ్రమ్ము లోపలికీ బ్రేక్ క్లీనర్ తప్ప ఏదీ తగలకూడదు. చేతి వేళ్ల గ్రీజు మరక కూడా. ఆ వీడియో చూడటం మానెయ్ నాయనా.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

కీచుబండి గారూ, మీది ఎప్పుడు వస్తోంది? ప్యాడ్లు చౌక రకం వేయించారా ఈమధ్య? గట్టి మెటీరియల్ ప్యాడ్లు, లేదా బాగా వేడెక్కి ముఖం అద్దంలా నున్నబడిన ప్యాడ్లు చిన్నగా బ్రేకు పట్టినప్పుడు కీచుమంటాయి. ప్యాడ్ వెనక అతికించే పల్చటి షిమ్ము లేకపోయినా అంతే. ముందు మందం కొలవండి. కొత్త ప్యాడ్ మెటీరియల్ సుమారు 10 మి.మీ. ఉంటుంది. 3 దగ్గరకి వస్తే ఇక చర్చ లేదు, మార్చేయడమే. దానికో కొత్త చర్చ తెరవండి, ఇక్కడ కలిపితే ఎవరిది ఏ బండో తెలియదు.

కీచుబండి (తెనాలి)

సరేనండి. స్ప్రే డబ్బా గేటు తలుపుకి వాడేస్తా.

పాతకారుపంతులు (కర్నూలు)

నాదొక్క చిన్న ప్రశ్న, వేరే చర్చ అక్కర్లేదు. బ్రేకు తొక్కితే కాళ్ల దగ్గర "స్స్" అని గాలి పోతున్నట్టు వస్తుంది. ఇదీ జబ్బేనా?

హైవే_అక్క (విజయవాడ)

పంతులు గారూ, తొక్కిన క్షణంలో చిన్నగా వస్తే మామూలే, వాక్యూమ్ బూస్టర్లోకి (మన తొక్కుడుకి బలం కలిపేది) గాలి వెళ్లే చప్పుడు. తొక్కి పట్టుకున్నంతసేపూ వస్తుంటే, పెడల్ గట్టిగా రాయిలా ఉంటే బూస్టర్ లీకు. ఇంట్లోనే చూసుకోవచ్చు: ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. ఆఖరిసారి తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందకి దిగాలి. దిగకపోతే షెడ్డుకి వెళ్లండి. అలా కాకుండా పట్టి ఉంచిన పెడల్ మెల్లమెల్లగా నేల దాకా దిగిపోతుంటే అది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేది) పాడవడం, లేదా ఎక్కడో ఆయిల్ కారుతోంది. ఆ బండిని నడుపుకుంటూ కూడా వెళ్లకండి.

మున్నేటిగట్టు (ఖమ్మం)

వేరే మెకానిక్ దొరికాడు, వయసులో పెద్దాయన. "నేను పక్కన నిలబడి చూస్తా" అంటే కుర్చీ వేశాడు. నిన్న విప్పాం.

ముందు ఎడమ: బాబాయ్ చెప్పినట్టే, బ్రాకెట్లో నాలుగు క్లిప్పులు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. అదీ వంకర. ప్యాడ్ వేలితో కదిపితే గలగలలాడింది. ఇంకో సంగతి, లోపలి ప్యాడ్ 4 మి.మీ., బయటి ప్యాడ్ 7. కుడి వైపు రెండూ 6 ఉన్నాయి. ఎడమ క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కింది పిన్ను ఎండిపోయి బిగుసుకుంది, తిప్పి తిప్పి లాగితే గానీ రాలేదు.

వెనక: డ్రమ్ము రానేలేదు. పెద్దాయన డ్రమ్ము ముఖం మీద ఉన్న రెండు మరల రంధ్రాల్లో 8 మి.మీ. బోల్టులు బిగిస్తూ పోయాడు, ఇది కాస్త, అది కాస్త. "టంగ్" మని వదిలింది. లోపల లైనర్లు నిజంగానే కొత్తవి, అమ్మినాయన ఆ మాట అబద్ధం చెప్పలేదు. డ్రమ్ము లోపల వేలి గోరు అడ్డంగా లాగితే "కరకర" అని గాడులు తగిలాయి. టార్చ్ ఏటవాలుగా వేస్తే సన్నగా చుట్లు చుట్లుగా కనపడింది. రెండింటికీ అంతే.

వెనక ప్లేటు మీద షూలు ఆనే చోట్లు పూర్తిగా ఎండిపోయి, ఒక్క చుక్క గ్రీజు లేదు. ఎడమ వైపు రెండు చోట్ల చిన్న గాడి పడింది.

ఇప్పుడు డ్రమ్ములు మళ్లీ లేత్‌కి పంపనా? ముందు ప్యాడ్లు మార్చనా, ఉంచనా? బండి పెద్దాయన షెడ్డులోనే ఉంది.

లేత్‌బాబాయ్ (గాజువాక)

డ్రమ్ము మీదే గరిష్ఠ వ్యాసం పోతలో రాసి ఉంటుంది, చూడు. 180 మి.మీ. డ్రమ్ములైతే సాధారణంగా 182 అని ఉంటుంది. వెర్నియర్‌తో లోపల రెండు మూడు చోట్ల కొలిపించు. లిమిట్‌కి బాగా ఇవతల ఉంటే ఫీడ్ అతి తక్కువ పెట్టి, జుట్టంత మందం తీయమను. ఆ తర్వాత 80 నంబర్ ఎమరీ పేపరుతో అడ్డంగా రుద్దాలి, గీతలు ఒకే దారి పట్టకుండా. లిమిట్ దగ్గర ఉంటే లేత్ వద్దు, ఎమరీ ఒక్కటే. లిమిట్ దాటితే కొత్తవే, అప్పుడు ఫుల్‌ట్యాంక్ మాట వినాల్సిందే.

ప్లేటు మీద గాడి ఫైలుతో నునుపు చేయించి, షూ ఆనే చోట్ల వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పల్చగా పూయాలి. పల్చగా అంటే పల్చగానే. ఎక్కువైతే కరిగి లైనర్ మీదకి వస్తుంది. షూ స్ప్రింగులు పాతవైతే అవీ కొత్తవి వేయించు.

లోపలి దుమ్ము గాలి కొట్టి ఊదనివ్వకు. ఊపిరితిత్తులకి మంచిది కాదు, లైనర్లలో ఏముందో ఎవరికి తెలుసు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవమను.

కుడిచెయ్యి (బెంగళూరు)

పిన్నులకి మామూలు ఛాసిస్ గ్రీజు పెట్టనివ్వకండి. దానికి పిన్ను రబ్బరు ఉబ్బిపోయి మళ్లీ బిగుసుకుంటుంది. క్యాలిపర్ పిన్నులకని అమ్మే సిలికాన్ గ్రీజే వాడాలి. క్యాలిపర్ విప్పినప్పుడు దాన్ని బ్రేక్ గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టమనండి.

ఫుల్‌ట్యాంక్ (హైదరాబాద్)

4 మి.మీ. ప్యాడ్ ఉంచడం నాకు నచ్చలేదు. విప్పిన చేత్తోనే ముందు నాలుగూ మార్చేస్తే పోయేదానికి, మళ్లీ కూలీ ఎందుకు?

ఉప్పుగాలి (విశాఖపట్నం)

ఈసారి ఫుల్‌ట్యాంక్‌తో నేనూ ఒప్పుకుంటా. 4 అంటే ఇంకా నడుస్తుంది, నిజమే. కానీ అసమానంగా అరిగిన ప్యాడ్‌ని కొత్త క్లిప్పుల్లో పెట్టడం అంత బాగోదు. మార్చితే ఎడమ, కుడి రెండూ కలిపే మార్చండి, ఒక వైపే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక వైపు లాగుతుంది. డిస్కు మందం కూడా కొలవండి, కనిష్ఠం ఎంతో దాని అంచునో మధ్యలోనో చెక్కి ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ రంగు చూశారా? అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది ఆ తేడా. నిలబెట్టిన బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు కాబట్టి మార్చేయండి. ఏది పోయాలో రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది.

మున్నేటిగట్టు (ఖమ్మం)

అన్నీ అయ్యాయి. డ్రమ్ములు 180.6, 180.7 వచ్చాయి, లిమిట్ 182 అని ఉంది. టర్నర్ దగ్గరకి నేనే వెళ్లి ఫీడ్ తగ్గించమన్నాను. ఆయన నా వైపు ఓసారి అదోలా చూసి, "మీరు ఏం పని చేస్తారు సార్" అన్నాడు. బ్యాంకులో అని చెప్పాను. నవ్వి, మెల్లగానే తిప్పాడు. ఎమరీ మాత్రం పెద్దాయనే రుద్దాడు.

ముందు ప్యాడ్లు నాలుగూ కొత్తవి, క్లిప్పులు కొత్తవి, పిన్నులకి సిలికాన్ గ్రీజు. డిస్కులు మందం బాగానే ఉంది, వాటిని ముట్టుకోలేదు. పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో వచ్చింది, మార్చాం. మొత్తం ఖర్చు మొదటి మెకానిక్ చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు.

అమ్మినాయనకి ఫోన్ చేసి సంగతి చెప్పాను, డ్రమ్ము ఖర్చు పెట్టుకోమని కాదు, ఊరికే. "నేను ముందే చెప్పా కదా సార్, సెట్ అయిపోతుందని" అన్నాడు!

వెంచర్ రోడ్డు మీద మళ్లీ చూశాం. రివర్స్ టక్ పోయింది. వెనక టక్ టక్ ముందుకీ లేదు, వెనక్కీ లేదు. కొత్త ప్యాడ్ల నుంచి మెల్లగా ఆపినప్పుడు సన్నగా "ష్" అని మాత్రం వస్తోంది. పొద్దుటి గరగర ఎప్పటిలాగే ఉంది.

లేత్‌బాబాయ్ (గాజువాక)

పొద్దుటిది ఉంటుంది, డిస్కు ఇనుము కదా. "ష్" కొత్త ప్యాడ్లది, డిస్కుతో ముఖం కలిసేదాకా. 60 నుంచి 20 దాకా మధ్యస్థంగా బ్రేకు పట్టు, పూర్తిగా ఆపకు, మళ్లీ కాస్త దూరం ఊరికే నడిపి చల్లారనివ్వు. అలా కొన్నిసార్లు. వేడి మీద బ్రేకు తొక్కి పట్టుకుని నిలబెట్టకు. మొదటి రెండు మూడు వందల కి.మీ. గట్టి బ్రేకులు తప్పించు, తప్పనిసరైతే తప్ప.

ఒకసారి దూరం పోయొచ్చాక నాలుగు చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టు, డిస్కుకి కాదు, రిమ్ముకి దగ్గరగా. ఒకటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలట్లేదని అర్థం. ముఖ్యంగా ముందు ఎడమ చూడు, బిగుసుకున్న పిన్ను అదే కదా.

మున్నేటిగట్టు (ఖమ్మం)

తప్పకుండా బాబాయ్. ఆదివారం భద్రాచలం వెళ్తున్నాం, వచ్చాక చూస్తా. నాన్న ఈసారి ముందు సీట్లో కూర్చుంటా అంటున్నారు.

లేత్‌బాబాయ్ (గాజువాక)

నాలుగు చక్రాలూ విప్పి బిగించారు కదా. బయల్దేరే ముందు నట్లు ఒకసారి వీల్ స్పానర్ పెట్టి చూసుకో, 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి.

కీచుబండి (తెనాలి)

నా చర్చ తెరిచానండి. ప్యాడ్ 2 మి.మీ. ఉంది.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

చర్చ తర్వాత. ముందు షెడ్డుకి వెళ్లండి.